హోమ్ థియేటర్ రిసీవర్‌లో వాట్లు రెట్టింపైతే సౌండ్ కూడా రెట్టింపవుతుందా?

అవదు, 50 వాట్ల రిసీవర్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే పెట్టె) బదులు 100 వాట్లది పెట్టినా పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుందంతే. మన వినికిడి వాట్ల లెక్కన సాగదు. రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల పవర్ కావాలి. అందుకే ముందు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చెప్పే అంకె. 90 డెసిబెల్స్ స్పీకర్ 50 వాట్లతో ఇచ్చే సౌండ్, 87 డెసిబెల్స్ స్పీకర్‌కు 100 వాట్లు ఇస్తేనే వస్తుంది.

చాలామంది పొరబడేది రిసీవర్ బాక్స్ మీది పెద్ద వాట్ల అంకె దగ్గర. అది తరచూ ఒక్క ఛానెల్‌నే (ఒక స్పీకర్‌కు వెళ్లే లైన్‌ను) నడిపి, 10 శాతం డిస్టార్షన్‌ను (సౌండ్ చెడిపోవడాన్ని) కూడా ఒప్పుకుని కొలిచినది. అన్ని ఛానెళ్లూ ఒకేసారి మోగితే ఒక్కోదానికి అంత అందదు. రెండు ఛానెళ్లు, 8 ఓమ్‌లు (స్పీకర్ నిరోధం), 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ (చెవికి వినిపించే శ్రేణి) అని రాసిన అంకెతోనే పోల్చండి.