సెలవు రోజున తెరవదగ్గ వెబ్‌సైట్లు: ముందు మీ ఊరినే వెతకండి

అడిగిన ప్రశ్న ఇదీ: శని, ఆదివారాలు రీల్స్ చూసి చూసి విసుగొచ్చింది, సరదాగా ఉంటూనే పనికొచ్చే వెబ్‌సైట్లు చెప్పండి, ఉండేది అనంతపురం, చేతిలో ఒక ఫోను, ఒక పాత ల్యాప్‌టాప్.

‘తప్పక చూడాల్సిన 50 సైట్లు’ లాంటి జాబితాల వల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్కోదాన్నీ రెండు నిమిషాలు చూసి మూసేస్తాం. ఏ సైటు తెరిచినా ముందు మీకు బాగా తెలిసినదాన్నే అందులో వెతకండి: మీ ఊరి చెరువు, మీ మిద్దె మీది ఆకాశం, మీ అవ్వ నోట వినే మాట. తెలిసినదాన్ని సరిగ్గా చూపిస్తే తెలియనిదాని విషయంలోనూ దాన్ని నమ్మొచ్చు. ఆ పరీక్షకు నిలబడేవే కింద చెబుతున్నాను.

మొదటిది హెవెన్స్-అబవ్ డాట్ కామ్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అదే ఐఎస్ఎస్, మీ ఊరి మీదుగా ఎప్పుడు పోతుందో చెప్పే సైటు. చూడ్డానికి ఇరవై ఏళ్ల నాటి సైటులా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. తెరవగానే పై మూలన లొకేషన్ ఉంటుంది. అది పెట్టకుండా పట్టిక చూస్తే ఆఫ్రికా పక్కన సముద్రంలో సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం దగ్గరి లెక్కలు వస్తాయి. ‘చెప్పిన టైముకు ఏమీ కనపడలేదు’ అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. అనంతపురానికి 14.68, 77.60, కడపకు 14.47, 78.82, కర్నూలుకు 15.83, 78.04 వేయండి. టైమ్ జోన్ 5:30 ఉందో లేదో కూడా చూసుకుని సేవ్ చేయండి.

తర్వాత ఐఎస్ఎస్ లింకు నొక్కితే పట్టిక వస్తుంది. అందులో చూడాల్సినవి రెండే. ఒకటి వెలుగు అంకె: అది ఎంత తక్కువైతే అంత వెలుగు. మైనస్ 3 అంటే ఆకాశంలోని ఏ నక్షత్రం కంటే కూడా ఎక్కువే. మైనస్ 1 దగ్గర ఆగిపోయేవాటిని వదిలేయొచ్చు. రెండోది గరిష్ఠ ఎత్తు: 40 డిగ్రీలు దాటినవే ఎంచుకోండి, లేకపోతే ఎదురింటి నీళ్ల ట్యాంకు అడ్డం వస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పడితే ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు. అలా నాలుగు పిడికిళ్లు కొలుచుకుంటే చాలు.

తేదీ మీద నొక్కితే ఆకాశ పటం వస్తుంది. అందులో తూర్పు ఎడమ వైపూ, పడమర కుడి వైపూ ఉంటాయి. తప్పు అచ్చయిందని అనుకోకండి. అది నేల పటం కాదు, తలెత్తి చూసే పటం. ఫోను తల మీదికి ఎత్తి ఉత్తరం గుర్తును ఉత్తరానికి తిప్పితే దిక్కులన్నీ సరిపోతాయి.

ఐఎస్ఎస్ పొద్దుగూకినాక ఒకటి రెండు గంటల్లోనూ, తెల్లవారుజామునా మాత్రమే కనిపిస్తుంది. కింద మనకు చీకటి పడినా, 400 కిలోమీటర్లకు పైన ఉన్న దాని మీద ఇంకా ఎండ పడుతుండాలి మరి. నడి ఆకాశంలో ఉన్నట్టుండి మాయమైతే భూమి నీడలోకి పోయిందని అర్థం. విమానంలా మిణుకుమిణుకుమనదు, చప్పుడు ఉండదు, నిలకడగా జారిపోతుంది. దాని కక్ష్యను అప్పుడప్పుడు సరిచేస్తుంటారు కాబట్టి పది రోజుల ముందు రాసుకున్న టైము నమ్మకండి, అదే రోజు సాయంత్రం మళ్లీ చూడండి. కొన్ని వారాలు సాయంత్రం పూట ఒక్కటీ ఉండదు. అది సైటు తప్పు కాదు.

రెండోది కోపర్నికస్ బ్రౌజర్. యూరప్ వాళ్ల సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా చూపిస్తుంది, ఊరికే చూడ్డానికి లాగిన్ అక్కర్లేదు. గూగుల్ పటంలో కనిపించే ఫోటో ఏ ఏడాదిదో ఒక పట్టాన తెలియదు. ఇక్కడ తేదీ మీరే ఎంచుకుంటారు. సెంటినెల్-2 దాదాపు 5 రోజులకొకసారి ఒకే చోటికి వస్తుంది, బొమ్మలో ఒక చుక్క అంటే నేల మీద 10 మీటర్లు. అంటే ఇల్లు కనపడదు. చెరువు, కాలువ, పొలం గట్టున పచ్చదనం బాగా కనిపిస్తాయి.

మొదట శ్రీశైలం జలాశయం వెనక నీళ్లు చూడండి. కృష్ణ, తుంగభద్ర కలిసే సంగమేశ్వరం దగ్గర ఆపి, అక్టోబరులో ఒక తేదీ, తర్వాతి ఏప్రిల్‌లో ఒక తేదీ పెట్టండి. వానలు బాగా పడిన ఏడాదైతే మొదటి దాంట్లో సముద్రంలా పరుచుకున్న నీళ్లు, రెండో దాంట్లో సన్నగా చీలిన పాయలు కనిపిస్తాయి. అక్కడి సంగమేశ్వరుడి గుడి ఎండాకాలంలోనే నీళ్లలోంచి ఎందుకు బయటపడుతుందో ఆ రెండు బొమ్మలు చూస్తే ఇంకొకరు చెప్పక్కర్లేదు.

తర్వాత పొర మార్చి ఫాల్స్ కలర్ పెట్టండి. పొలాలు రక్తం ఎరుపులోకి మారతాయి, కంగారు పడొద్దు. ఆకులు మన కంటికి కనపడని పరారుణ కాంతిని బాగా తిప్పికొడతాయి, ఆ కాంతికి ఇక్కడ ఎరుపు రంగు ఇచ్చారు. ఎంత ఎరుపంటే అంత ఏపైన పైరు. సుంకేసుల నుంచి కడప వైపు కేసీ కాలువ వెంబడి పోతే ఎర్రటి పట్టీ ఒకటి వెంట వస్తుంది. పట్టీకి బయట మెట్ట భూమి బూడిద రంగులో పడి ఉంటుంది. అనంతపురం వాళ్లు హెచ్చెల్సీ, అంటే తుంగభద్ర ఎగువ కాలువ, వెంట ఇదే చేయొచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లు: జులై నుంచి సెప్టెంబరు దాకా చాలా తేదీల్లో మబ్బే. మబ్బు శాతం స్లయిడర్‌ను 20కి దించండి, మబ్బు పట్టిన తేదీలు వాటంతటవే తగ్గిపోతాయి. ఎంచుకున్న తేదీకి చిత్రం రాకపోతే ఆ రోజు ఉపగ్రహం అటు రాకపోయి ఉండొచ్చు. ఫోనులో బటన్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, దీనికి మాత్రం ల్యాప్‌టాపే వాడండి. డేటా బాగా తాగుతుంది, రోజుకు 1.5 జీబీ ప్యాక్ అయితే చూసుకుని తిప్పండి.

దీనికి చుట్టమే గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్. 1984 నుంచి ఏడాదికొక బొమ్మ చొప్పున కలిపి సినిమాలా ఆడిస్తుంది. గడివేముల మండలం గని, ఓర్వకల్లు మండలం శకునాల పక్కకు పోయి ప్లే నొక్కండి. ఏళ్ల తరబడి గోధుమ రంగులో ఉన్న బీడు 2017 నాటికి నల్లని పలకలతో నిండిపోతుంది. అదే 1000 మెగావాట్ల సోలార్ పార్కు. పాత ఏళ్లు మసకగా ఉంటాయి, అప్పటి ఉపగ్రహాల చూపు అంతే. ఆ బొమ్మల్లో మీ ఇల్లు వెతకొద్దు.

ఇప్పుడు మాటల సంగతి. ఆంధ్రభారతి సైటులో నిఘంటు శోధన అని ఉంది, ఒక్క పదం కొడితే చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతుకుతుంది. షికాగో యూనివర్సిటీ సైటులో సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు విడిగా ఉంది. బ్రౌన్ మనకు పరాయివాడేం కాదు, కడపలో ఆయన పేరుతో ఉన్న గ్రంథాలయం ఆయన బంగళా స్థలంలో కట్టిందే. ముందు ‘మిద్దె’ అని కొట్టండి. కోస్తా వాళ్లకు మేడ గుర్తొస్తుందేమో గానీ, చదును కప్పు ఇల్లని మనం అనుకునే అర్థం అందులో కనిపిస్తుంది. దీని అసలు సుఖం తిరగేసి వెతకడంలో ఉంది. తలపదాల్లో కాకుండా మొత్తం పాఠంలో వెతకమని చెప్పి ఇంగ్లీషులో మిల్లెట్ అని కొడితే జొన్న, కొర్ర లాంటి పదాలు బారులు తీరి వస్తాయి. మరిచిపోయిన ధాన్యాల పేర్లు పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక దారి లేదు.

పదం దొరక్కపోతే అది నిఘంటువులో లేదని అప్పుడే తేల్చేయకండి. మనం చెరువు, చెరకు అని రాస్తాం. పాత నిఘంటువుల్లో చెఱువు, చెఱకు అని బండి ఱతో ఉంటాయి. ఏనుగుకు అరసున్న పెట్టి ఏనుఁగు అంటారు. ర కొట్టి రాకపోతే ఱ కొట్టండి, సున్నా లేకుండా రాకపోతే అరసున్నతో చూడండి. డీటీపీ వాళ్ల అను ఫాంట్ల ఫైలు నుంచి కాపీ చేస్తే ఏదీ రాదు, అది ఫోన్లు, సైట్లు వాడే యూనికోడ్ అక్షరాల పద్ధతి కాదు. ఫోను తెలుగు కీబోర్డుతో టైపు చేస్తే సరి.

పాత పుస్తకాలకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్. అక్కడ 1875 నాటి కడప జిల్లా మాన్యువల్, 1905 నాటి అనంతపురం గెజిటీర్ లాంటివి దొరుకుతాయి, ఇంగ్లీషులోనే. కడప అని ఇప్పటి స్పెల్లింగు కొడితే పాతవి తగలవు. సి, యు, రెండు డి, ఎ, పి, ఎ, హెచ్ అని కొట్టాలి. 2005 దాకా సర్కారీ స్పెల్లింగు అదే. పుస్తకం తెరిచాక లోపల వెతికే భూతద్దం గుర్తు ఉంటుంది, మీ ఊరి పేరు రెండు మూడు రకాల స్పెల్లింగులతో వేసి చూడండి.

ఇంట్లో బడి పిల్లలుంటే ఫెట్ (పి, హెచ్, ఇ, టి). కొలరాడో యూనివర్సిటీ వాళ్ల సైన్సు బొమ్మలాట. కరెంటు సర్క్యూట్లు, లోలకం, భిన్నాలు లాంటివెన్నో. చాలావాటికి తెలుగు అనువాదం ఉంది. డౌన్‌లోడ్ నొక్కితే ఒకే ఫైలు దిగుతుంది, నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో నడుస్తుంది. ఊరికి పోయేటప్పుడు నాలుగు దించి పెట్టుకోండి.

ఉత్త కాలక్షేపానికైతే నీల్ డాట్ ఫన్. అందులో సముద్రం అడుగుకు దిగుతూ పోయే పేజీ బాగుంటుంది. ఇన్ఫినిట్ క్రాఫ్ట్ ఆటలో నీరు, నిప్పు, గాలి, మన్ను ఇచ్చి కలపమంటాడు. నాలుగు భూతాలు వాడిస్తాడు, ఐదోదైన ఆకాశం మీరే చేసుకోవాలి. గంట దాటితే మూసేయండి, దానికి అంతు లేదు.

పక్షుల కూతలకు జెనో కాంటో (ఎక్స్‌తో మొదలయ్యే స్పెల్లింగు) ఉంది. తీతువు కూత విని చూడండి, రాత్రిపూట ఊరి బయట అరిచేది అదేనని ఠక్కున తెలిసిపోతుంది. ఏ నుంచి ఈ దాకా నాణ్యత గ్రేడులు ఉంటాయి, ఏ, బి మాత్రమే వినండి.

ఉరుముల కాలంలో అయితే లైట్నింగ్ మ్యాప్స్ డాట్ ఆర్గ్. మెరుపు పడిన చోట చుక్క పెట్టి, ఉరుము శబ్దం ఎంత దూరం వచ్చిందో పెరిగే వృత్తంగా చూపిస్తుంది. ఆ గీత మీ ఊరిని తాకేసరికి ఉరుము వినపడాలి. శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది, దూరం మరీ ఎక్కువైతే అసలు వినపడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల లోపే లెక్క తేలితే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉంది. ఐఎస్ఎస్ కోసం ఎక్కి ఉన్నా సరే, మిద్దె దిగి ఇంట్లోకి రండి.