ఫోన్లో తెలుగు పుస్తకాలు: మేనకోడలికి ఉత్తరం

చి. మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఫోన్లో పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయని రాశావు. నువ్వు దించుకున్నది స్కాన్ పీడీఎఫ్, అంటే పేజీలకు తీసిన ఫొటోలు. అక్షరం పెంచితే లైను తెర దాటిపోతుంది. ఈపబ్ అని ఇంకో రకం పుస్తకం ఫైలు ఉంది. అందులో ఉండేది టైపు చేసిన అక్షరం కాబట్టి, సైజు పెంచిన కొద్దీ లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఏ పుస్తకానికైనా ముందు ఈపబ్ ఉందేమో చూడు. అది లేకపోతేనే పీడీఎఫ్.

ఈపబ్‌లు ఉచితంగా దొరికేది తెలుగు వికీసోర్స్‌లో, అంటే వికీపీడియా నడిపే సంస్థ వారి పుస్తకాల సైటులో. దించే ముందు ఆ పుస్తకం సూచిక పేజీకి వెళ్లి పుట అంకెల రంగులు చూడు. పసుపైతే ఆ పుటలో తప్పులు ఒకరు దిద్దారు, ఆకుపచ్చైతే ఇంకొకరు కూడా సరిచూశారు. ఎరుపు ఇంకా ఎవరూ దిద్దనిది. ఎరుపు ఎక్కువగా ఉన్న పుస్తకంలో ఒత్తులూ దీర్ఘాలూ గల్లంతై ఉంటాయి, దాన్ని వదిలెయ్.

అక్కడ లేనివి ఆర్కైవ్ డాట్ ఆర్గ్ అనే ఉచిత సైటులో వెతుకు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. చిక్కల్లా పేర్లతోనే. ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. 'శ'కి ఎస్ పెట్టి ఒకసారి, ఎస్‌హెచ్ పెట్టి ఒకసారి, చివరి 'ము' తీసేసి మరోసారి చూడు. అప్పటికీ దొరక్కపోతే రచయిత ఇంటిపేరుతో వెతుకు. అక్కడ ఈపబ్ అని కూడా కనబడుతుంది గానీ దాని జోలికి పోకు. స్కాన్ చూసి యంత్రం తయారుచేసింది, పాత తెలుగు పుస్తకాలకు చాలావరకు గజిబిజిగానే వస్తుంది. పీడీఎఫే తీసుకో. ఒక్కోటి పదుల ఎంబీలు ఉంటుంది, వైఫై ఉన్నప్పుడు దించుకో. దించగానే మధ్యలో నాలుగు చోట్లా, చివరా తెరిచి పుట అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూడు. పేజీలు ఎగిరిపోయిన స్కాన్లు ఉంటాయి. సగం చదివాక తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అదే పుస్తకానికి ఇంకో స్కాన్ ఉందేమో వెతుకు.

చదవడానికి రీడ్‌ఎరా యాప్ చాలు. ఉచితం, ప్రకటనలు ఉండవు. పీడీఎఫ్‌కి అంచులు కత్తిరించే సెట్టింగు పెట్టి, ఫోను అడ్డంగా తిప్పు. పాత పుస్తకాల్లో చుట్టూ వదిలిన తెల్లకాగితం పోతే అక్షరం ఇట్టే పెద్దదవుతుంది.

ఈపబ్‌కి రెండు మార్పులు తప్పనిసరి. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం మనకు చాలదు. 'లక్ష్మి' కింది ఒత్తు వెళ్లి కింది లైను గుడికి తగులుతుంది. లైన్ల ఎడం 1.4కో 1.5కో పెంచు. రెండోది, రెండు అంచులూ సమం చేసే అమరిక తీసేసి ఎడమ అమరిక పెట్టు. తెలుగు మాటలు పొడుగు, ఫోను లైనులో మూడో నాలుగో పడతాయి. వాటిని అంచుదాకా లాగితే మధ్యలో పెద్ద ఖాళీలు వస్తాయి. అక్షరాల బదులు గళ్లు కనబడితే ఆ ఫాంటులో తెలుగు లేదన్నమాట, వేరేది ఎంచుకో.

వాట్సాప్‌లో తిరిగే కొత్త నవలల పీడీఎఫ్‌లు మాత్రం వద్దు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కులుంటాయి. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా దించుకోవచ్చు. చలం 1979లో పోయారు, 2039 చివరిదాకా హక్కులున్నాయి. ఇప్పుడు రాస్తున్నవాళ్లకు వచ్చేదే అంతంతమాత్రం, ఆ కాస్తా వాళ్లకు అందనీ. గూగుల్ ప్లే బుక్స్‌లో కొనేటప్పుడు ముందు నమూనా తెరిచి అక్షరం పెంచి చూడు. పెరక్కపోతే అదీ పేజీల ఫొటోలే, చవగ్గా వస్తోందని కొనకు.

పిల్లలకు ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితం, చదివే స్థాయిని బట్టి విడగొట్టి ఉంటాయి.

ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టు. వాట్సాప్ ఫోల్డర్‌లో వదిలేస్తే ఫోను ఖాళీ చేసేటప్పుడు పుస్తకాలూ పోతాయి. ఫైలు పేరు మాత్రం చదవడం మొదలుపెట్టక ముందే తెలుగులో మార్చుకో, అంకెల పేర్లతో ఉంటే నెల తిరిగేసరికి ఏది ఏదో తెలీదు. పాత మాట అర్థం కాకపోతే ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువుల్లో వెతుకు.

ఎంత వెతికినా దొరకనిది ఉంటే పేరు, రచయిత, తెలిస్తే అచ్చయిన ఏడాది రాసి పంపు.

ఇట్లు,
మావయ్య