చెయ్యి కంటే ముందు కన్ను వెళ్తుంది

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లి మాట తీరు బాగా పట్టుకున్నావు, కంచరపాలెం యాస ఎక్కడా తడబడలేదు. నేను ఆగిపోయింది టీ పెట్టే సీను దగ్గర. కొడుకు ఉద్యోగం పోయిందని అప్పుడే విన్న మనిషి వంటింట్లోకి వెళ్లింది, వెళ్లగానే నువ్వు గోడ మీది క్యాలెండరు, అర మీద స్టీలు డబ్బాల వరస, పగిలిన టైలు, కిటికీలోంచి కనిపించే కొండ, ఇవన్నీ పేరా నిండా చెప్పి ఆ తర్వాత గానీ స్టవ్ వెలిగించలేదు. ఆవిడ అవేవీ చూడదు. ముప్పై ఏళ్లుగా అదే వంటిల్లు, పైగా మనసు ఇంకెక్కడో ఉంది. అవన్నీ నీకు కనిపించాయి, ఆవిడకి కాదు.

1999లో ఇంగ్లండులో మైకేల్ ల్యాండ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి, చూపు ఎటు పోతోందో పట్టే కెమెరా తలకి తగిలించి ముగ్గురి చేత టీ పెట్టించారు. వాళ్ల కళ్లు దాదాపు ఎప్పుడూ పనికి కావలసిన వస్తువు మీదే ఉన్నాయి, అక్కర్లేని వాటి మీదకి పోవడం చాలా అరుదు. చెయ్యి ఒక వస్తువు మీద పని మొదలుపెట్టడానికి సుమారు అర సెకను ముందే కన్ను అక్కడికి చేరింది. ఆ పని పూర్తవడానికి కూడా సుమారు అర సెకను ముందే తర్వాతి దాని మీదకి వెళ్లిపోయింది. అంటే ఆ చివరి అర సెకను చెయ్యి పని చేస్తున్నది కన్ను చూసి వదిలేసిన దాని గుర్తుతోనే.

నేను ఇదంతా చదవకముందే ఫిషింగ్ హార్బర్‌లో చూశాను. చేపలు శుభ్రం చేసి ఇచ్చే ఆడవాళ్లు కత్తిపీటలు వేసుకుని కూర్చుంటారు కదా, వాళ్లలో ఒకావిడ దగ్గర ఒక పొద్దున చాలాసేపు నిలబడిపోయాను. కత్తిపీటని కాలితో అదిమిపెట్టి, రెండు చేతులతో చేపని అంచు మీదకి నెడుతోంది. పండుగప్ప పొలుసు గీకుతున్నంతసేపూ చూపు దాని మీదే. కడుపు చీల్చి పేగులు లాగేటప్పుడు మాత్రం, వేళ్లు ఇంకా లోపలే ఉండగా, చూపు పక్క తట్టలోని వంజరం మీదకి వెళ్లిపోయింది. వేళ్లు తడబడలేదు. నలుగురైదుగురి చేపలు ఒకేసారి నడుస్తున్నాయి, ఎవరిది ఏదో ఎలా గుర్తుంటుందమ్మా అని అడిగాను. "తలకాయ ఉంచమన్నోరివి ఇటు, తీసీమన్నోరివి అటు" అని మోకాలి కుడిపక్కా ఎడమపక్కా చూపించింది. గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేకుండా నేల మీదే సర్దేసుకుంది! అంతకుముందే చేపలు తీసుకుని వెళ్లినావిడ చీర ఏ రంగని అడిగితే తెలీదంది.

1995లో డేనా బల్లార్డ్, మేరీ హేహో అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు కొందరికి కంప్యూటర్ తెర మీద రంగు బిళ్లల నమూనా ఒకటి చూపించి అలాగే పేర్చమన్నారు. నమూనా అంతా ఒకసారి చూసి బట్టీ పడతారనుకుంటాం కదా. అలా చెయ్యలేదు, ఒక్కో బిళ్లకి తరచుగా రెండేసి సార్లు చూశారు, ఏ రంగో ఒకసారి, ఎక్కడ పెట్టాలో ఇంకోసారి. ఎదురుగా ఉన్నదాన్ని మనసు మోసుకుని తిరగదు, చెయ్యి అడిగినప్పుడు వెళ్లి తెచ్చుకుంటుంది. మోసేది కూడా చాలా కొంచెం. 1997లో లక్, వోగెల్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో, ఒక్కసారి చూసి క్షణం పాటు గుర్తుంచుకోగలిగింది సుమారు నాలుగు వస్తువుల దగ్గర ఆగిపోయింది.

రోజుల తర్వాత గుర్తుండేది వేరే సంగతి, కానీ నీకైనా నాకైనా అదీ కొంచెమే. ఒకసారి జగదాంబ జంక్షన్‌లో వానలో ఒక తోపుడుబండి అబ్బాయి టార్పాలిన్ కట్టుకోవడం చూశాను. గొప్ప దృశ్యం, మర్చిపోయే ప్రసక్తే లేదనుకుని రెండు రోజుల తర్వాత రాయడానికి కూర్చుంటే పళ్లతో కరిచిపట్టుకున్న తాడు, నీళ్లు కారుతున్న మోచెయ్యి, ఇంతే మిగిలింది. మిగతాదంతా నేను అల్లినది, ఏ వానకైనా సరిపోయే వాక్యాలు. ఆ కథ ఇప్పటికీ నాకు బాధే. అందుకే చూసిన వెంటనే రాసుకో, ఫోన్‌లోనైనా సరే, ఏ చెయ్యి ఏం చేసింది, అప్పుడు చూపు ఎక్కడుంది అన్నది ముందు రాసుకో, రంగులూ వాసనలూ తర్వాత.

ఇక నీ వంటింటి సంగతి. వర్ణన వద్దని నేను అనను, దాని చోటు మార్చమంటాను. ఆవిడ గిన్నెలో నీళ్లు పోసింది, చూపు అప్పటికే టీపొడి డబ్బా ఉండే చోటికి వెళ్లింది, చెయ్యి వెనకాలే చాచింది. డబ్బా అక్కడ లేదు. నీ కథలోనే కోడలు పొద్దున అర సర్దిందని రాశావు, గుర్తుందా? దాన్ని వాడుకో. ఇప్పుడు ఆవిడ కళ్లు వెతకడం మొదలుపెడతాయి, డబ్బాల వరస కనిపిస్తుంది, క్యాలెండరు కనిపిస్తుంది, కొడుకు జీతం వచ్చే తారీఖు చుట్టూ గీసిన సున్నా కనిపిస్తుంది, స్టవ్ మీద నీళ్లు మరిగిపోతుంటాయి. చెయ్యి ఆగిన చోటే గది కనిపించడం మొదలవుతుంది, నువ్వు రాసిన పేరాకి అదే సరైన చోటు, అందులో ఒక్క వస్తువు కూడా తీసేయనక్కర్లేదు.

ఆ పేజీ తిరగరాసి పంపు. ఈ ఆదివారం పొద్దున్నే వీలైతే హార్బర్‌కి రా, నేను అక్కడే ఉంటాను. ఆవిడ కత్తిపీట ఐస్ అమ్మే చోటికి కాస్త ఇవతలే.

మీ అన్న