చేత్తో చేసిన అసలైన జపాన్ కత్తి కొనాలనుకుంటున్నారా? ముందు నేను మోసపోయిన కథ వినండి

మీరు అడిగినవి మూడు. ఆన్‌లైన్‌లో పాతిక వేల రూపాయలకు దొరికే "చేత్తో కొట్టిన కటానా" అసలైనదేనా, అసలైనది ఎంతవుతుంది, కొని హైదరాబాద్ తెచ్చుకోవచ్చా. మొదటిదానికి జవాబు, కాదు. మిగతా రెండింటికీ ఒక్క ముక్కలో జవాబు లేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

నేను ఉద్యోగం మీద టోక్యోలో ఆరేళ్లు ఉన్నాను. నిషికసాయ్ అని, మనవాళ్లు గుంపుగా ఉండే పేట. ఆఫీసు దగ్గర్లో ఇయాయ్‌దో నేర్పేవారు, అంటే ఒరలోంచి కత్తి దూసి మళ్లీ ఒరలో పెట్టడమే ఒక విద్యగా సాధన చేయడం. సాధనకు వాడేది పదును లేని మిశ్రలోహం కత్తి, దాన్ని ఇయాయ్‌తో అంటారు. దానితో రెండేళ్లు గడిచాక నిజమైనది ఒకటి నాకంటూ ఉండాలనే పిచ్చి పట్టింది. రెండు కొన్నాను. ఒకటి తప్పు, రెండోది ఒప్పు.

ముందు ఆ పాతిక వేల కత్తి సంగతి. అవి ఎక్కువగా చైనాలో లోంగ్‌చువాన్ ఊళ్లో చేసినవి. చేత్తోనే కొట్టి ఉండొచ్చు, అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఫ్యాక్టరీ ఉక్కు కడ్డీ తీసుకుని కత్తి ఆకారానికి తేవడం వేరు, జపాన్ వాళ్లు నిహోంతో (సంప్రదాయ పద్ధతిలో చేసిన జపాన్ కత్తి) అని పిలిచేది వేరు. వాటి అంచున కనిపించే తెల్లటి అలల గీత చాలాసార్లు యాసిడ్‌తో గీసిందే. గోడకు తగిలించుకోవడానికైతే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు, అసలైనది అనుకుని మాత్రం కొనకండి. అలాంటిది జపాన్‌లో ఉంచుకోవడానికి రిజిస్ట్రేషన్ కూడా దొరకదు, ఎందుకంటే అక్కడ సంప్రదాయ పద్ధతిలో చేసిన వాటినే రిజిస్టర్ చేస్తారు.

మరి అసలైనదానికి అంత ధర ఎందుకు? ఉక్కు దగ్గరే మొదలవుతుంది. షిమానే ప్రాంతంలో ఒకుయిజుమో అనే చోట తతారా అని మట్టి కొలిమి ఉంది. మూలన పడ్డ ఆ పద్ధతిని 1977లో మళ్లీ మొదలుపెట్టారు. చలికాలంలోనే, మూడు పగళ్లు మూడు రాత్రులు ఆపకుండా ఇనుప ఇసుక, బొగ్గు పోస్తూ మండిస్తారు, చివర్లో కొలిమి గోడలు పగలగొట్టి లోపలి ముద్దను బయటకు లాగుతారు. అందులో మేలైన ముక్కలే తామహగానే. దాన్నే దేశంలోని కత్తుల కమ్మరులకు పంచుతారు. కమ్మరి దాన్ని కాల్చి, కొట్టి, మడిచి, మళ్లీ కొట్టి, అలా పది పదిహేనుసార్లు మడుస్తాడు. పదిసార్లు మడిస్తేనే వెయ్యి పొరలు దాటుతాయి. చెక్కలో గీతల్లా లోహంలో కనిపించే నమూనా అక్కడి నుంచే వస్తుంది. (మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని చదివి ఉంటారు. అదీ గొప్ప ఉక్కే, కానీ దారి వేరు. మనవాళ్లు మూసలో కరిగించి చల్లారిస్తే గీతలు లోహం లోపలే పుట్టేవి, వీళ్లవి మడతల్లోంచి వస్తాయి. ఈ మాట మాకు ఇయాయ్‌దో నేర్పే గురువుకి, అంటే సెన్సేయ్‌కి చెబితే ఆ రోజు క్లాసు సగం దీని మీదే అయిపోయింది.)

ఆ తర్వాతదే ప్రాణం మీదికి వచ్చే ఘట్టం. వెన్ను వైపు మందంగా, అంచు వైపు పల్చగా మట్టి పూసి, ఎర్రగా కాల్చి, ఒక్కసారిగా నీళ్లలో ముంచుతారు. అంచు వేగంగా చల్లారి గట్టిపడి కాస్త ఉబ్బుతుంది, వెన్ను మెత్తగానే ఉంటుంది, ఆ లాగుడుకే కత్తి వంపు తిరుగుతుంది. మనం చూసి మురిసిపోయే వంపులో చాలా భాగం నీళ్లు ఇచ్చిందే. కొన్ని అక్కడే పగులుతాయి, నెలల పని ఒక్క చప్పుడుతో పోతుంది. ఆ గట్టి భాగానికీ మెత్తటి భాగానికీ మధ్య కనిపించే గీతే హామోన్.

కమ్మరి అవ్వాలంటే లైసెన్సు ఉన్న గురువు దగ్గర కనీసం ఐదేళ్లు చాకిరీ చేసి, తర్వాత ప్రభుత్వ సాంస్కృతిక విభాగం పెట్టే శిక్షణ పూర్తిచేయాలి. ఆ పైన నెలకు రెండు పొడవు కత్తులు లేదా మూడు పొట్టివి, అంతకు మించి చేయకూడదని లెక్క. కమ్మరి చేసేది కూడా ఉత్త కత్తే. సాన పట్టేవాడు వేరు, ఒర చెక్కేవాడు వేరు, కత్తి మొదట్లో తొడిగే హబాకి అనే లోహపు పట్టీ చేసేవాడు వేరు. అందుకని కొత్త కటానా ఆర్డర్ ఇస్తే పది లక్షల యెన్ల నుంచి మొదలని అనుకోండి, అంటే మన ఐదారు లక్షల రూపాయలు, పేరున్న కమ్మరి అయితే ఇంకా పైకి. చెప్పిన ధరలో సాన, హబాకి, ఒర కలిశాయా లేదా అని ముందే అడగండి. అడగకపోతే చివర్లో బిల్లు చూసి గుండె జారుతుంది.

కొత్తది కొనే స్తోమత నాకు లేదు, పాతదే వెతికాను. పాతవాటిలో కటానా కంటే వాకిజాషి చవక. అరవై సెంటీమీటర్లు దాటితే కటానా, ముప్ఫై నుంచి అరవై మధ్య వాకిజాషి, అంతకంటే పొట్టిది టాంటో. కమ్మరితనంలో తేడా ఏమీ లేదు, పొడవుకే అందరూ డబ్బు పెడతారు.

ఇక నా తప్పు. ఒక ఆన్‌లైన్ వేలంలో 45 సెంటీమీటర్ల వాకిజాషి కనిపించింది. పిడి లోపలికి దిగే భాగాన్ని నకాగో అంటారు, సంతకం ఉండేది దాని మీదే. ఆ సంతకం కొతేత్సు! పదిహేడో శతాబ్దంలో ఎదోలో (ఇప్పటి టోక్యో) కవచాలు చేస్తూ కత్తుల్లోకి వచ్చిన మహానుభావుడు. నేనేమీ గుడ్డిగా కొనలేదండీ, కనీసం అప్పుడు అలా అనుకున్నాను. తోరోకుషో అడిగాను. జపాన్‌లో ప్రతి కత్తికీ ఉండాల్సిన రిజిస్ట్రేషన్ కాగితం అది, జిల్లా లాంటి ప్రిఫెక్చర్ విద్యామండలి ఇస్తుంది. అందులో పొడవు, వంపు, నకాగోలో రంధ్రాలెన్ని, సంతకం ఏమిటి అన్నీ ఉన్నాయి, సంతకం దగ్గర కొతేత్సు అనే ఉంది. ప్రభుత్వ కాగితమే చెబుతోంది కదా, ఇంకేం కావాలి అని లక్షా అరవై వేల యెన్లు కట్టేశాను.

సెన్సేయ్‌కి తీసుకెళ్లి చూపిస్తే ఆయన ఏమీ అనలేదు, నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తు. తర్వాత మెల్లగా చెప్పారు. తోరోకుషో కత్తి మీద ఏం రాసి ఉందో రాసుకునే కాగితం, ఆ రాసింది నిజమని చెప్పే కాగితం కాదు. ఈ వాహనం నంబరు ఇది, రంగు ఇది అని ఆర్సీ చెబుతుంది, ఇంజిన్ బాగుందని చెబుతుందా? కొతేత్సు పేరు చెక్కిన నకిలీలు వందల ఏళ్ల నుంచి ఉన్నాయట. షిన్‌సెంగుమి (పాతకాలపు సమురాయ్ దళం) నాయకుడు కొందో ఇసామి కూడా తనది కొతేత్సు అని చెప్పుకునేవాడని, అదీ నకిలీయే అయి ఉంటుందని అంటారు. అంతటివాడికే అలా అయితే నేనెంత అని ఆ రాత్రి నన్ను నేను ఓదార్చుకున్నాను.

సంతకం నకిలీ అయినా కత్తి పాతదే కదా, సాన పట్టిస్తే అందంగా ఉంటుందని సాన పట్టేవాయన దగ్గరికి వెళ్లాను. ఆయన సన్‌కు, అంటే మూడు సెంటీమీటర్లకు, 12 వేల యెన్లు చెప్పారు. పదిహేను సన్‌లు, లక్షా ఎనభై వేలు. కత్తి కంటే సాన ఖరీదు ఎక్కువ! సరేలే అనేలోపు ఆయన దీపం కింద అటూ ఇటూ తిప్పి, భూతద్దం నాకిచ్చి, అంచు దగ్గర ఒక చోటు చూపించారు. వెంట్రుక లాంటి గీత, అంచు నుంచి నిలువుగా పైకి. హగిరె. అంచు పగులు అన్నమాట. కత్తికి వేరే లోపాలు ఎన్ని ఉన్నా ఏదో ఒక ధరకు పోతాయి గానీ ఇదొక్కటి ఉంటే దానికి విలువ లేనట్టే. నేను పని తీసుకోను, మీ డబ్బు వృథా అన్నారు. అలా చెప్పినందుకు ఆయనకు ఈ రోజుకీ మనసులో దండం పెట్టుకుంటాను. వేలంలో అమ్మినవాడికి రాస్తే, ఫొటోల్లో ఉన్నదే పంపాం, వెనక్కి తీసుకోం అని ఒక లైను. ఆ ఫొటోల్లో ఆ చోట సరిగ్గా వెలుగు పడి మెరిసిపోతోంది లెండి.

అందుకే చెప్తున్నా, చేతిలో పట్టుకుని చూడనిదే కొనకండి. కుదరకపోతే మీ తరఫున చూడగలిగే మనిషైనా ఉండాలి. రెండో కత్తికి ఒక దుకాణానికి నాలుగు నెలల్లో ఆరుసార్లు వెళ్లాను. కొనకపోయినా చూపిస్తారు, మర్యాద తెలిస్తే చాలు. ఉంగరం, వాచీ తీసేయండి, కత్తి అందుకునేటప్పుడు తల వంచండి, అంచు పైకి ఉండేలా పట్టుకుని ఒరలోంచి ఆగకుండా తీయండి, మీద మాట్లాడకండి (ఉమ్మి తుంపర పడితే తుప్పే), లోహాన్ని వేలితో ముట్టుకోవద్దు. ఈ చివరిది మా ఫ్లాట్‌మేట్‌కి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, ఓ రోజు పదును ఎలా ఉందోనని బొటనవేలు ఆనించాడు, నెల తిరిగేసరికి అక్కడ బొటనవేలి ముద్ర తుప్పుతో అచ్చు పడింది.

చూసేటప్పుడు చేయి చాచి ముందు ఆకారం చూడండి, తర్వాత లోహంలో గీతలు, ఆ తర్వాతే హామోన్. హామోన్ మామూలు వెలుతురులో సరిగా కనిపించదు, ఒక్క బల్బు వైపు కత్తి మొన పెట్టి వాలు మారుస్తూ చూస్తే మంచు తేలినట్టు లేస్తుంది. అది మొన దాకా ఎక్కడా తెగకుండా ఉండాలి. పిడి తీయించి నకాగో చూడండి. దాని మీది నల్లటి పాత తుప్పు మురికి కాదు, వయసు చెప్పేది అదే. ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమారంటే దాని విలువ అక్కడికక్కడే సగం పోతుంది.

నేను చివరికి తీసుకున్నది సంతకమే లేని వాకిజాషి, రెండు లక్షల ఎనభై వేల యెన్లు. మినో అనే ప్రాంతపు కమ్మరుల పని అని చెబుతూ జపాన్ కళా ఖడ్గ సంరక్షణ సంఘం, 1948లో పెట్టింది, ఇచ్చిన హోజోన్ కాగితం దానికి ఉంది. నిపుణులు కత్తిని చూసి ఇచ్చే కాగితం అదే. దాని పైమెట్టు తొకుబెత్సు హోజోన్, ఆ పైన జూయో, మీ నా బడ్జెట్‌కి మొదటి మెట్టు చాలు. సంతకం ఉండి కాగితం లేనిదానికంటే సంతకం లేకుండా కాగితం ఉన్నది నాకు వెయ్యి రెట్లు నయం. కొన్న 20 రోజుల్లో యజమాని మారినట్టు తెలియజేయాలి, మీరు ఉండే ఊళ్లో కాదు, తోరోకుషో ఇచ్చిన ప్రిఫెక్చర్‌కి. కాగితం మీద కొలతలకూ చేతిలో కత్తికీ పొంతన ఉందో లేదో దుకాణంలోనే చూసుకోండి.

ఇక ఇండియా. జపాన్ నుంచి బయటికి పంపాలంటే అక్కడి సాంస్కృతిక విభాగం అనుమతి కావాలి, కొన్ని వారాలు పడుతుంది, మంచి దుకాణమైతే వాళ్లే చేసిపెడతారు, తోరోకుషో వెనక్కి ఇచ్చేయాలి. అది తేలికైన సగం. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆయుధాలు దిగుమతి చేయకూడదు. 9 అంగుళాల కంటే పొడవో 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులు నిబంధనల్లో ఆయుధాల జాబితాలోనే ఉన్నాయి. వాకిజాషి కూడా అందులోకి వస్తుంది. ఎవరో ఇంటి సామానులో పెట్టి తెచ్చేశారని చెబితే నమ్మి మీరూ అలా చేయకండి, ఎయిర్‌పోర్టులో పడే టెన్షన్ ఒక ఎత్తు, వస్తువు జప్తు అయితే అది ఇంకో ఎత్తు. ముందు లాయర్‌ని అడగండి, డబ్బు ఆ తర్వాత కట్టండి.

నేను తేలేదు. తిరిగి వచ్చేటప్పుడు అదే దుకాణానికి అమ్మేశాను, నలభై వేల యెన్లు తక్కువకు. అన్నేళ్లు ఇంట్లో పెట్టుకున్నందుకు అద్దె అనుకున్నా. అన్నాళ్లూ కొన్ని నెలలకోసారి పాత నూనె తుడిచి, లవంగం వాసనొచ్చే చోజి నూనె పల్చగా రాసేవాణ్ని, కొబ్బరినూనె లాంటివి రాస్తే జిగురు కడుతుంది. పగిలిన కొతేత్సుని, నకిలీ కొతేత్సుని అనాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పి సెన్సేయ్‌కే ఇచ్చేశాను, కొత్తవాళ్లకు హగిరె అంటే ఏమిటో చూపించడానికి వాడుతున్నారు.

మీకు నిజంగా ఆ పనితనం ఇంట్లో ఉండాలనే ఉంటే ఇంకో దారి చెప్తాను. పిడికీ కత్తికీ మధ్య ఉండే లోహపు బిళ్ల, త్సుబా, విడిగా కూడా అమ్ముతారు. దానికి తోరోకుషో అక్కర్లేదు. నా టేబుల్ మీద ఉన్నది ఇనుముతో చేసినది, మీద రెండు కొంగలు చెక్కి ఉన్నాయి, ముప్ఫై ఐదు వేల యెన్లు. దీనికి మాత్రం సంతకం ఉందో లేదో కూడా చూడలేదు. కొనాలనుకుంటే అడగండి, ఏ సైజుకి ఎంత అడుగుతారో, బేరం ఎక్కడిదాకా చేయొచ్చో తెలిసినంత చెప్తాను.