దుబాయి బయలుదేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి ప్రశాంత్‌కు మామయ్య ఆశీస్సులు.

నీకు వీసా వచ్చిందని, వచ్చే నెలలోనే ప్రయాణమని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నీకు ఈ ఉత్తరం రాయాలన్న ఆలోచన నన్ను వదలలేదు. నేను 1994లో అక్కడే ఒక నిర్మాణ సంస్థలో టైమ్‌కీపర్‌గా చేరి, తరువాత కార్మికులు ఉండే క్యాంపు ఇన్‌ఛార్జిగా పనిచేసి, 2023లో జగిత్యాలకు తిరిగివచ్చాను. ఆ 29 ఏళ్లలో మన పిల్లలు వందల మంది మొదటిసారి బస్సు దిగి, భుజాన బ్యాగుతో క్యాంపు గేటు దాటడం చూశాను. వారిలో నష్టపోయినవారు పెద్ద తప్పులు చేసి నష్టపోయింది తక్కువ. చిన్న ఇబ్బంది వచ్చిన రోజున ఎవరినీ అడగకుండా, ఇంట్లో చెబితే దిగులు పడతారని దాచుకుని, నెలలు గడిచాక ఆ ఇబ్బంది తమ చేయి దాటిపోయినందువల్లనే ఎక్కువ మంది నష్టపోయారు. నీవు అలా కాకూడదని నా కోరిక.

అన్నింటికన్నా ముందు నీ చేతికి వచ్చిన వీసా ఏదో చూసుకో. అది ఉద్యోగం కోసం ఇచ్చిన ప్రవేశ అనుమతి కావాలి. విజిట్ వీసా మీద పంపించి, అక్కడికి చేరాక మారుస్తామని ఏజెంటు చెబితే టికెట్ ఉన్నా విమానం ఎక్కవద్దు. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం, గడువు దాటి ఉంటే అక్కడి డబ్బులో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా పడుతుంది. మన ఊళ్లలో 'ఆజాద్ వీసా' అని గొప్పగా చెప్పుకునేది ఆ దేశపు చట్టంలో ఎక్కడా లేదు. ఒక యజమాని పేరున వీసా తీసుకుని మరొకరి దగ్గర పనిచేయడాన్నే ఆ పేరుతో పిలుస్తున్నారు. పట్టుబడిన రోజున జీతం గురించి ఫిర్యాదు చేసే హక్కు కూడా గట్టిగా నిలవదు. అలా కంపెనీ లేకుండా తిరిగేవారిని మనవాళ్లు 'ఖల్లివెల్లి' అంటారని నీకూ తెలుసు. 2018లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు, తల్లి పోయినా ఇంటికి రాలేక ఏళ్లు గడిపిన మనుషులు కాగితాలు పట్టుకుని వరుసల్లో నిలబడటం నేను స్వయంగా చూశాను. వారిలో చాలామంది రెండు నెలల జీతం రాలేదని కోపంతో కంపెనీ వదిలి వెళ్లినవారు. ఏ సమాచారమూ ఇవ్వకుండా వరుసగా ఏడు రోజులకు మించి పనికి రాకపోతే పారిపోయినట్లు యజమాని ఫిర్యాదు చేయవచ్చునని వారికి ఆనాడు ఎవరూ చెప్పలేదు.

ఏజెంటుకు ఎంత ఇచ్చావో నీవు నాకు చెప్పలేదు, మీ నాన్న కూడా చెప్పడం లేదు. మన ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ మాత్రమే, అదీ రసీదు ఇచ్చి తీసుకోవాలి. అతని లైసెన్సు సంఖ్య మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో నీ ఫోన్‌లోనే చూసుకోవచ్చు. నియామకపు ఖర్చులు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదని దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశపు కార్మిక చట్టం కూడా చెబుతోంది. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి లక్షలు కట్టి ఉంటే ఆ మాట ఇప్పుడే చెప్పు. అప్పు దాచిపెట్టి వెళ్లినవాడు అక్కడ ఎంత అన్యాయం జరిగినా నోరు విప్పలేడు.

ఇక ఒప్పందపత్రం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన పిల్లలు సంతకం చేసేటప్పుడు మొత్తం జీతం అంకె ఒక్కటే చూస్తారు. నీవు మూలవేతనం, అంటే బేసిక్ ఎంతో చూడాలి. ఓవర్‌టైమ్‌కు లెక్క బేసిక్ మీదనే. పనివేళలు రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. వాటికి మించిన పనికి బేసిక్ లెక్కన గంటకు వచ్చే కూలిపై 25 శాతం అదనంగా, రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు మధ్య చేస్తే, షిఫ్టు పద్ధతి కాని పక్షంలో, 50 శాతం అదనంగా రావాలి. పని వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదనే లెక్కిస్తారు, ఏడాది నిండిన తరువాత మొదటి అయిదేళ్లకు ఏటా 21 రోజుల బేసిక్ చొప్పున ఇస్తారు. మొత్తం 1,500 దిర్హమ్‌ల జీతంలో బేసిక్ 800 అని రాసి ఉంటే అయిదేళ్లకు నీకు 2,800 దిర్హమ్‌లు వస్తాయి, అదే 1,200 అని ఉంటే 4,200 వస్తాయి. పని ఒకటే, చెమట ఒకటే, కాగితం మీది ఒక్క అంకె తేడా. ఉద్యోగం పేరు కూడా చూడు. ఐటీఐ చదివిన నీకు ఎలక్ట్రీషియన్ అని ఉండవలసిన చోట హెల్పర్ అని ఉంటే ఇక్కడే అడుగు. ఇక్కడ చూపిన ఆఫర్ లెటర్, అక్కడ కార్మిక మంత్రిత్వ శాఖ దగ్గర నమోదయ్యే ఒప్పందం ఒకదానికొకటి సరిపోలాలి. అది అరబిక్‌తో పాటు నీకు అర్థమయ్యే భాషలో, కనీసం హిందీలో కావాలని అడగడం తప్పు కాదు. అక్కడ వేరే అంకెలతో కాగితం పెట్టి 'అందరూ చేశారు, నీవూ చెయ్యి' అంటే సంతకం చేయకుండా ఒక రోజు గడువు అడుగు.

పాస్‌పోర్టు విషయంలో నాకు జరిగినదే చెబుతాను. 1998లో మీ తాత చనిపోయినట్లు కబురు వచ్చిన రోజు గురువారం. నా పాస్‌పోర్టు కంపెనీ ఆఫీసు బీరువాలో ఉంది, శుక్రవారం సెలవు, తాళంచెవి ఉన్న మనిషి శనివారం మధ్యాహ్నానికి గాని రాలేదు. నేను ఇల్లు చేరేసరికి మూడో రోజు కర్మ కూడా ముగిసింది. అప్పట్లో పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోవడం ఆనవాయితీగా ఉండేది, నేనూ ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు యజమాని కార్మికుడి పాస్‌పోర్టును తన దగ్గర ఉంచుకోకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. వీసా పనుల కోసం తీసుకుంటే ఎప్పుడు తిరిగి ఇస్తారో అడుగు, ఆ తేదీ దాటితే మరుసటి రోజే వెళ్లి మర్యాదగా మళ్లీ అడుగు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, అక్కడి గుర్తింపు కార్డు అయిన ఎమిరేట్స్ ఐడీ అన్నింటి ఫోటోలు తీసి మీ అమ్మ ఫోన్‌కు ఒక ప్రతి, నాకు ఒక ప్రతి పంపు.

బ్యాగు సర్దేటప్పుడు మీ అమ్మ పక్కన నీవు కూర్చో. గసగసాలు ఆ దేశంలో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. మాంసం కూరలోకి ఇంట్లో దంచిన మసాలా పొడిలో అవి తప్పక ఉంటాయి కనుక ఆ పొడి డబ్బా ఇంట్లోనే ఉండాలి. అలాగే నొప్పులకు వాడే ట్రమడాల్, కోడీన్ కలిసిన దగ్గు మందు వంటివి ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళితే జైలు దాకా పోతుంది. ఏ మందు తీసుకువెళ్లినా డాక్టరు చీటీ వెంట ఉండాలి. 'మా తమ్ముడికి ఈ పచ్చడి సీసా ఇవ్వు బిడ్డా' అని ఊళ్లోవాళ్లు తప్పకుండా వస్తారు. అందరి ముందు మూత తీసి చూడలేని వస్తువును ఎంత దగ్గరివారు ఇచ్చినా తీసుకోకు. వారు నొచ్చుకుంటే నా పేరు చెప్పు.

చేరిన మొదటి వారాల్లో రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ వరుసగా జరుగుతాయి. ఆరోగ్య బీమా ఖర్చు కంపెనీదే, దాన్ని జీతంలో కోయకూడదు. ఉద్యోగం పోతే కొంతకాలం ఆదుకునే బీమా ఒకటి 2023 నుంచి తప్పనిసరి చేశారు. నీ స్థాయి జీతానికి అది నెలకు 5 దిర్హమ్‌లు మాత్రమే, అందులో చేరకపోతే 400 జరిమానా. బీమా కార్డు రాగానే ఏ క్లినిక్‌లో చెల్లుతుందో ఫోర్‌మన్‌ను అడిగి తెలుసుకో. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక కుర్రవాడు పంటినొప్పి చెబితే జీతం కోస్తారని రెండు వారాలు ఓర్చుకుని, దవడ వాచి నోరు తెరవలేని స్థితిలో ఆసుపత్రిలో పడ్డాడు. ప్రొబేషన్, అంటే మొదటి పరీక్షా కాలం, దాటినవారికి ఏడాదిలో 90 రోజుల వరకు అనారోగ్య సెలవు ఉంది, అందులో మొదటి 15 రోజులకు పూర్తి జీతం, తరువాతి 30 రోజులకు సగం జీతం ఇవ్వాలి. ఆ సంగతి అతనికి తెలిసి ఉంటే అంత బాధ పడేవాడు కాదు. అతని గది నా గదికి నాలుగు గదుల అవతల ఉండేది, ఆ విషయం నాకు ముందే తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఎండను తక్కువగా చూడకు. జగిత్యాల మే నెల ఎండ తట్టుకున్నానని నీవు అనుకోవచ్చు, కాని అక్కడ జూలై, ఆగస్టుల్లో వేడితో పాటు సముద్రపు ఉక్కపోత ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఎలక్ట్రీషియన్లు మాత్రం గాలి ఆడని షాఫ్టుల్లో, ఏసీ ఇంకా పెట్టని అంతస్తుల్లో పనిచేస్తారు గనుక నీడలో ఉన్నామని మోసపోతారు. దాహం వేయకముందే నీళ్లు తాగు, మూత్రం ముదురు రంగులోకి మారితే అదే హెచ్చరిక అనుకో. తల తిరిగినా, చెమట ఆగిపోయినా పని ఆపి పక్కవాడికి చెప్పు. రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి, మూడున్నరకు లేచి బస్సు ఎక్కే అలవాటు వల్ల వేసవిలో పడిపోయినవారిని నేను చాలామందిని చూశాను.

రోడ్డు మీద వాహనాలు కుడివైపున నడుస్తాయి కాబట్టి దాటేటప్పుడు ముందుగా ఎడమవైపు చూడాలి. ఇరవై ఏళ్ల అలవాటు ఒక్క రోజులో మారదు, మొదటి నెలంతా ఆగి చూసి దాటు. దాటకూడని చోట దాటితే జరిమానా 400 దిర్హమ్‌లు, మెట్రోలో ఏదైనా తిన్నా, మహిళల పెట్టెలోకి ఎక్కినా 100. భాష గురించి దిగులు వద్దు, క్యాంపులో హిందీతో గడుస్తుంది. అరబిక్ అంకెలు చదవడం మాత్రం వారంలో నేర్చుకో.

ఫోన్ విషయంలో మన పిల్లలకు తెలియని ప్రమాదం ఒకటి ఉంది. కోపంలో వాట్సాప్‌లో ఒకరిని తిట్టినా, అనుమతి లేకుండా ఎవరి ఫోటో తీసి పంపినా అక్కడ కేసు అవుతుంది, ఆ తిట్టు తెలుగులో ఉన్నా అవుతుంది. ఒకే గదిలో ఉండే ఇద్దరు మనవాళ్లే పేకాట బాకీ దగ్గర మాటామాటా అనుకుని పోలీస్ స్టేషన్‌దాకా వెళ్లారు. ఎవరైనా చనిపోతే వారి కుటుంబానికి గ్రూపులో చందాలు వసూలు చేయడం మనకు పుణ్యకార్యం. అక్కడ అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం నేరం, కాబట్టి నీ వంతు సాయం నేరుగా ఆ కుటుంబం ఖాతాకు పంపు. నీ ఐడీ మీద ఎవరికీ సిమ్ కార్డు ఇప్పించకు, ఎవరి అప్పుకూ జామీను సంతకం పెట్టకు. అప్పు ఎగ్గొట్టినవాడు ఇల్లు చేరతాడు, జామీను పెట్టినవాడిని విమానాశ్రయంలో ఆపుతారు.

వెళ్లే ముందే, విదేశంలో సంపాదించేవారు ఇక్కడ తెరిచే ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు ఏమేం కాగితాలు కావాలో మన బ్యాంకులో అడిగి పెట్టుకో. డబ్బు మనీ ఎక్స్ఛేంజ్ దుకాణం ద్వారా గాని, బ్యాంకు ద్వారా గాని పంపు. బ్యాంకు లేకుండా చేతుల మీదుగా పంపే హుండీలో రూపాయి ఎక్కువ వస్తుందని చెప్పేవారి మాట వినకు, ఆ రూపాయి కోసం నీ దగ్గర రసీదు లేకుండా పోతుంది. మొదటి మూడు నెలలు ఇంటికి ఎక్కువ పంపలేవన్న సంగతి మీ నాన్నకు ఇప్పుడే చెప్పు. నెల తిరగకముందే పెళ్లి పిలుపులు, బోరు బావులు, చెల్లెలి ఫీజులు ఫోన్‌లో వస్తాయి, కాదనలేక పక్కవాడి దగ్గర చేబదులు తీసుకుని పంపినవారి లెక్క రెండేళ్లకు కూడా తేలదు.

సెలవు రోజున గదిలోనే ఉండిపోకు. ఒక్క దిర్హమ్‌తో అబ్రా పడవలో ఊరి మధ్య పాయ మీదుగా డేరా నుంచి బర్ దుబాయికి దాటు, జెబెల్ అలీలోని గుడికి వెళ్లు, కరామా పేటలో కడుపునిండా మన భోజనం చెయ్యి. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనుక ఉంటుంది, రాత్రి తొమ్మిదికి మీ అమ్మకు ఫోన్ చేస్తే ఇక్కడ పదిన్నర అవుతుంది, ఆమె నిద్రపోకుండా ఎదురుచూస్తుంది, అందుకని ఏడున్నరకే చెయ్యి. బాగున్నానని మాత్రమే చెప్పకు. జీతం ఆలస్యమైతే ఆలస్యమైందని చెప్పు, మనసు బాగాలేకపోతే ఆ మాటే చెప్పు. ఆమెతో చెప్పలేనిది నాతో చెప్పు. ఇద్దరితోనూ చెప్పలేకపోతే, దుబాయిలో మన కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. పోలీసులకు 999, అంబులెన్సుకు 998. ఈ మూడు నంబర్లను ఫోన్‌లోనే కాక ఒక కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకో, ఫోన్ పోయిన రోజే అవి అవసరమవుతాయి.

వచ్చే ఆదివారం ఉదయం ఆఫర్ లెటరూ, వీసా ప్రతీ తీసుకుని మా ఇంటికి రా, మీ నాన్నను కూడా వెంటబెట్టుకుని రా. ముగ్గురం కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుదాం. అర్థం కాని మాట ఒక్కటి ఉన్నా సోమవారం ఏజెంటు దగ్గరికి నీతో పాటు నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య