ఈగల మీదికే ఈగలను వదిలిన శాస్త్రవేత్త

ప్రశ్న: మా ఆవు ఈనిన నాలుగో రోజున దూడ బొడ్డుకు పురుగులు పడ్డాయి. సీతాఫలం ఆకు నూరి కట్టాము, తగ్గింది. అమెరికాలో ఇలాంటి ఈగను మందు కొట్టకుండా, విమానాల్లోంచి కోట్లకొద్దీ ఈగలనే వదిలి లేకుండా చేశారని మా అబ్బాయి చెబుతున్నాడు. ఇది నిజమేనా? నిజమైతే ఆ పని చేసిందెవరు, మన దగ్గర ఎందుకు చేయరు?
– ఒక పాడి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఆ ఆలోచన ఎడ్వర్డ్ నిప్లింగ్ (1909–2000) అనే కీటక శాస్త్రవేత్తది, దానిని ఆచరణలోకి తెచ్చినవాడు ఆయన సహచరుడు రేమండ్ బుష్‌లాండ్. టెక్సాస్‌లోని రైతు కుటుంబంలో పుట్టిన నిప్లింగ్‌కు పశువుల పుండ్లలో పురుగులు చిన్ననాటి నుంచీ తెలిసినవే. అక్కడి స్క్రూవార్మ్ ఈగ పచ్చి గాయం అంచున, లేదా అప్పుడే పుట్టిన దూడ బొడ్డు దగ్గర గుడ్లు పెడుతుంది; ఒక రోజులోపే పొదిగిన పురుగులు కుళ్లిన మాంసాన్ని వదిలి బతికున్న కండనే తొలుచుకుంటూ లోపలికి పోతాయి.

1930ల చివర్లో టెక్సాస్ ప్రయోగశాలలో ఈ ఈగలను పెంచుతూ, ఆడ ఈగ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జత కడుతుందని నిప్లింగ్ గమనించాడు. ఆ ఒక్కసారీ గొడ్డు మగ ఈగతో జరిగితే దాని గుడ్లన్నీ మురిగిపోవలసిందే కదా అన్నది ఆయన లెక్క. ఈ లెక్కను ఒకసారి వేసి చూడండి. ఒక ప్రాంతంలో 10 లక్షల ఆడ ఈగలు, అన్నే మగ ఈగలు ఉన్నాయని, మామూలుగా ఆ సంఖ్య తరతరానికీ మారదని అనుకుందాం. ప్రతి తరానికీ 20 లక్షల గొడ్డు మగ ఈగలను వదిలితే మొదటి తరంలో మూడో వంతు ఆడ ఈగలకే సంతానం కలిగి, తరువాతి తరంలో ఆడ ఈగలు 3,33,333కు దిగుతాయి, ఆపైన 47,619కి, తరువాత 1,107కు, నాలుగో తరం దాటేసరికి ఒకటి కూడా మిగలదు. మందు కొట్టినప్పుడు చివరి కొద్ది పురుగులను పట్టుకోవడమే కష్టం. ఇక్కడ ఈగలు తగ్గేకొద్దీ వదిలినవాటి పట్టు పెరుగుతుంది. నా దృష్టిలో నిప్లింగ్ గొప్పతనమంతా ఈ తిరకాసును పట్టుకోవడంలోనే ఉంది.

అయితే ఈగను గొడ్డును చేసే మార్గం చాలాకాలం దొరకలేదు. వికిరణం (రేడియేషన్) కీటకాల సంతానశక్తిని దెబ్బతీస్తుందని జన్యుశాస్త్రవేత్త ముల్లర్ రాసిన వ్యాసం 1950లో నిప్లింగ్ కంటపడింది. బుష్‌లాండ్ సైనిక ఆసుపత్రి ఎక్స్‌రే యంత్రంతో ప్రయోగాలు చేశాడు. మోతాదు మించితే ఈగ నీరసించి జతకు పనికిరాదు కనుక, ప్యూపా (పురుగు ఈగగా మారే మధ్య దశ) నుంచి ఈగ బయటపడటానికి సుమారు రెండు రోజుల ముందు వికిరణం ఇవ్వడం కుదిరింది. నూరిన మాంసం, రక్తం, నీరు కలిపిన మేతలో పురుగులను పెంచే పద్ధతి అంతకుముందే బుష్‌లాండ్ తయారుచేసి పెట్టుకున్నాడు. ఆ గదుల్లో కంపు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఫ్లోరిడా పక్కనున్న సానిబెల్ దీవిలో మొదట ప్రయత్నించినా, ప్రధాన భూభాగం నుంచి ఈగలు మళ్లీ వచ్చిపడేవి. 1954లో వెనిజులా తీరానికి దూరంగా ఉన్న క్యురసావ్ దీవిలో వారానికి చదరపు మైలుకు 400 గొడ్డు మగ ఈగల చొప్పున వదిలితే కొద్ది నెలల్లోనే ఆ ఈగ జాడ లేకుండా పోయింది. 1959 నాటికి అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలు, 1991 నాటికి మెక్సికో విముక్తమయ్యాయి. లిబియాలో ప్రవేశించిన ఇదే ఈగను మెక్సికోలో పెంచి విమానాల్లో పంపిన సుమారు 130 కోట్ల ఈగలతో తుడిచిపెట్టారు. అయితే ఒకసారి పోయిన ఈగ ఎప్పటికీ రాదనుకోకూడదు: 2024 నవంబరులో అది మళ్లీ మెక్సికోలో కనిపించింది.

నిప్లింగ్ మందులకు వ్యతిరేకి ఏమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులను పేల నుంచి, దోమల నుంచి కాపాడటానికి డీడీటీని పరీక్షించిన ఓర్లాండో ప్రయోగశాలకు అధిపతి ఆయనే. పదవీ విరమణ తరువాత మాత్రం, పరాన్న కీటకాలను పెద్ద సంఖ్యలో పెంచి పొలాల్లో వదిలే పద్ధతి మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. మన చెరకు, వరి పొలాల్లో కట్టే ట్రైకోగ్రామా (పురుగుల గుడ్లలోనే గుడ్లు పెట్టే చిన్న పరాన్న కీటకం) కార్డులు ఆ కోవలోవే.

ఇక మన సంగతి. మన పశువుల్లో బతికున్న కండను తినే ఈగ వేరే జాతిది, ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా అల్లుకుని ఉంది. క్యురసావ్‌కు సముద్రం అడ్డుగోడ అయింది. నల్గొండ చుట్టూ అలాంటి గోడ లేదు. జిల్లాలో ఈగలను లేకుండా చేసినా పక్క జిల్లా నుంచి వారంలో వచ్చేస్తాయి. అందుకే ఇక్కడ ఈగ మీద కన్నా దూడ మీద శ్రద్ధ పెట్టడం మేలు: ఈనిన వెంటనే బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి, కొమ్ములు తీయించిన పుండును, ముక్కుతాడు గాయాన్ని ఈగ వాలకుండా చూడండి. పురుగులు పడితే ఆకు పసరుతో ఊరుకోక, లోపలి పురుగులన్నీ బయటికి వచ్చేలా పశువైద్యుని చేత టర్పెంటైన్ నూనెతో శుభ్రం చేయించండి. సీతాఫలం గింజల పొడి మాత్రం వాడవద్దు. అది కంట్లో పడితే మీకూ దూడకూ ప్రమాదమే.