సొంత లారీ వదిలి కంపెనీలో చేరొచ్చా? చేరండి, కానీ ఎవరి రోల్లో (జీతాల పట్టీలో) చేరుతున్నారో చూసుకోండి

సొంత లారీ తనే నడుపుకునేవాడు దాన్ని అమ్మేసి నెల జీతానికి చేరితే తర్వాత బాధపడతాడా అని అడిగారు. మాది రాయగడ. ఒడిశాలో ఉన్నా ఇంట్లో, బజార్లో మా మాట తెలుగే. చాలా ఏళ్లు పది టైర్ల బండి నడిపి, ఇప్పుడు దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో కాటా దగ్గర పనిచేస్తున్నాను. ఒక్కటే బండి ఉన్నవాడు ఈ రోజుల్లో మిగుల్చుకోలేడు, ఇది గట్టిగా చెబుతాను. నాలుగైదు బండ్లున్నవాళ్ల లెక్క వేరు.

ఒక్క బండి ఆగితే ఇల్లే ఆగిపోతుంది. ఉమర్‌కోట్ వైపు మొక్కజొన్న బాగా పండుతుంది. ఒకసారి అక్కడ లోడ్ ఎత్తి గోదావరి వైపు కోళ్ల దాణా ఫ్యాక్టరీకి బయల్దేరాను. దారిలో సుంకి ఘాట్ కొండ రోడ్డు మీద కుండపోత వాన. టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా వెనక మూల నీళ్లు దిగాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక కుర్రాడు మొన ఉన్న ఇనుప గొట్టం బస్తాల్లోకి గుచ్చి, గింజలు లాగి మీటర్లో పోసి చూశాడు. వాళ్లకు తేమ 14 శాతం దాటకూడదు. వెనక వరుస దాటింది. దాంతో బండి మొత్తం పక్కన పెట్టమన్నారు.

అమ్మిన షావుకారూ కొన్న ఫ్యాక్టరీవాళ్లూ ధర దగ్గర బేరమాడుకుంటుంటే నేను రోడ్డు మీద. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఇచ్చే ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ పత్రం) గడువు అక్కడే అయిపోయింది. పొడిగించమని చెబుదామంటే లోడ్ ఇప్పించిన బ్రోకరు ఫోన్ ఎత్తడు. ఎత్తినప్పుడు హాల్టింగ్, అంటే బండి ఆగిన రోజులకు ఇచ్చే డబ్బు, అడిగితే, "తడిపింది నువ్వే, నీకేం హాల్టింగ్?" అన్నాడు. స్నానానికి పక్క పొలం బోరు, రాత్రంతా దోమలు. ఈలోగా ఫైనాన్సు వాళ్ల ఫోన్లు. చివరికి బస్తాకి ఇంతని కోసి దించుకున్నారు. ఆ కోత నా బ్యాలెన్సు కిరాయిలోంచే పోయింది.

ఫ్యాక్టరీ గేట్ల దగ్గర డ్రైవర్లకు ఒక షెడ్డు, ఒక మరుగుదొడ్డి ఎందుకు కట్టరో అని నాకు ఇప్పటికీ కోపమే. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, సంతోషం. కానీ బండి ఆపాక కూర్చోడానికి నీడ కూడా ఉండాలి కదా.

డీజిల్, టోల్, టైర్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు, ఏటా 16,500 నేషనల్ పర్మిట్, వాయిదా... ఇవన్నీ పోగా చేతిలో ఉన్నదాన్ని లాభం అంటారు. అదే బండికి జీతానికి డ్రైవర్ని పెడితే ఎంత ఇవ్వాలో తీసేసి చూడండి. నాతో కూర్చుని లెక్క వేసుకున్న ఏ ఓనరుకీ ఆ డ్రైవరు జీతానికి మించి మిగల్లేదు.

ఇక కంపెనీలో జీతం ఒక్కటే చూడకండి. మా వైపు గేటు మీద కంపెనీ పేరుంటుంది, మన పేరు మాత్రం కాంట్రాక్టరు రోల్లో ఉంటుంది. చేరాక పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్లో తెరిచి, యజమానిగా ఎవరి పేరుందో, మీ 12 శాతంతో పాటు వాళ్ల వాటా పడిందో లేదో చూడండి. కాంట్రాక్టరు మారినా పాత యూఏఎన్ నంబరే (పీఎఫ్‌లో మనిషికి ఒకటే ఉండే నంబరు) ఇవ్వండి. నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కూడా అడగండి, మన వాటా 0.75 శాతమే. లారీ మీద ఉన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అప్పు పుట్టాకే ఆసుపత్రి. ఇప్పుడా టెన్షన్ లేదు. ఎనిమిది గంటల షిఫ్టు, ఆదివారం మజ్జిగౌరి గుడికి ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం.

బండి అమ్మేటప్పుడు ఒక జాగ్రత్త. డబ్బు చేతిలో పడింది కదా అని తాళాలు ఇచ్చేయకండి. ఫైనాన్సు తీరినట్టు ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30 దగ్గరుండి వేయించండి. రికార్డులో మీ పేరే ఉంటే రేపు ఆ బండి ఎక్కడ గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.